పత్తి చేలో అక్షింతల పురుగులు

కోటిరత్నమ్మగారు మా పాలెం వచ్చి, "పురుగులు ఏరడానికి మనుషులు కావాలి ప్రేమమ్మా" అన్నప్పుడు మా రెబ్కా నవ్వు ఆపుకోలేకపోయింది. రెబ్కా నా కోడలు. దాని నోటికి చిన్నా పెద్దా తేడా తెలియదు.

"పురుగులు ఏరడమేంటమ్మా? మిరక్కాయలు ఏరతాం, పత్తి తీస్తాం, కలుపు తీస్తాం. పురుగుల్ని ఏరమని ఎవరన్నా పిలుస్తారా?"

"ఎవరూ పిలవరు. నేను పిలుస్తున్నాగా" అన్నారావిడ. "మీ ముఠాలో ఎంతమంది ఉంటే అంతమందీ రండి. కూలి రోజు లెక్కన కాదు, డబ్బా లెక్కన. పాలపొడి డబ్బా నిండా పురుగు తెచ్చి చూపిస్తే డబ్బాకింత అని ఇస్తా."

ఆవిడ నవ్వడం లేదు. ఎందుకు నవ్వడం లేదో నాకు తెలుసు. రెబ్కా మోచెయ్యి గిల్లి, "వస్తాంలేమ్మా, పొద్దున్నే వస్తాం" అన్నాను.

మా ఊరు చిలకలూరిపేటకు బస్సులో అరగంట. ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, మిరప. అంతకుముందు ఏడు, అంటే ఎనభై ఏడులో, పచ్చపురుగు వచ్చి ఊరి పత్తినంతా తినేసింది. రైతులు వారానికి ఒకసారి కొట్టే మందు రెండుసార్లు కొట్టారు. ఒక మందు పని చెయ్యకపోతే మూడు మందులు కలిపి కొట్టారు. పురుగు మందులో తడిసి, కాసేపు ముడుచుకుని, మళ్ళీ లేచి కాయ తొలుచుకుంటూ పోయింది. చేతికి ఏమీ రాక, మిగిలిన మందు తాగి ఇద్దరు రైతులు పోయారు. ఆ ఇళ్ళ వైపు వెళ్ళాలంటే ఇప్పటికీ మాకు కాళ్ళు రావు.

కోటిరత్నమ్మగారి భర్త బాపయ్యగారు మందు తాగలేదు. కానీ ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా, ఎదురుగాలిలో రోజంతా కొట్టి చేలోనే పడిపోయారు. మంచం మీద డొంక దాకా మోసి, రోడ్డు మీద లారీ ఆపి గుంటూరు తీసుకెళ్ళారు. బతికారు గానీ చేతులు వణుకుతాయి. మందు వాసన తగిలితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది, ఊపిరి అందదు.

వాళ్ళ రెండెకరాల చేను ఇంటి పెరడు దాటగానే మొదలవుతుంది. ఆ చేలో మందు కొట్టడమంటే ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి మీద కొట్టడమే. అందుకని ఆవిడ ఆ చేలో మందు చుక్క పడనివ్వనని పట్టు పట్టారు.

పట్టు పడితే పంట పండుతుందా? ఆ మాటే అన్నాడు ఆవిడ మరిది అంకమ్మరావు. బాపయ్యగారి చేనుకి తూర్పున ఐదెకరాలు అతనివే. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు గట్టు వేసుకున్నారు. అతనికి సొంతంగా పవర్ స్ప్రేయర్ ఉంది, మోటారు సైకిలు ఉంది.

"చేను నాకు కౌలుకివ్వు వదినా. నీ వల్ల కాదు" అని ఉగాది నుంచీ అడుగుతున్నాడు.

"ఒక్క పంట చూడనివ్వు" అని ఆవిడ.

చివరికి పెద్దమనుషుల ముందు ఒక మాట అనుకున్నారు. సంక్రాంతికి నెల ముందు నెలగంట పెట్టేనాటికి చేలో తీసుకోదగ్గ పత్తి ఉంటే అంకమ్మరావు ఇక ఆ ఊసు ఎత్తడు. లేకపోతే చేను అతను చేస్తాడు. చేస్తే మందు కొట్టే చేస్తాడు. అప్పుడు బాపయ్యగారు ఆ ఇంట్లో ఉండలేరు. నల్లపాడులో ఉన్న ఆవిడ పుట్టింటికి పోయి, తమ్ముళ్ళ పంచన ఉండాల్సిందే. ఆ ఇల్లు బాపయ్యగారు తన చేతులతో రాయి మోసి కట్టుకున్నది.

ఇదీ ఆవిడ నవ్వకపోవడానికి కారణం.

దసరా వెళ్ళిన మర్నాడు పదిమందిమి చేలో దిగాం. పత్తి మొగ్గలో, పూతలో ఉంది, పిందె కూడా కనపడుతోంది. పచ్చపురుగు అక్కడక్కడా ఉంది. కాయలో సగం దూరి, సగం బయట ఉంటుంది. దాన్ని చూసి, పట్టుకుని, లాగి డబ్బాలో వెయ్యాలంటే చాలా ఓపిక కావాలి. పొద్దెక్కే వేళకి నా డబ్బాలో అడుగు కూడా నిండలేదు. రెబ్కా డబ్బా నిండిపోయింది.

"ఏంటే, మంత్రం వేశావా?"

"మంత్రం లేదు అత్తా. నువ్వు దాక్కున్నవాటి వెంట పడుతున్నావు. నేను కనపడేవాటిని పడుతున్నా." ఆకులమీద తిరిగే అక్షింతల పురుగుల్ని చూపించింది. పసుపు ఎరుపు కలిసిన గుండ్రటి వీపు, దాని మీద నల్ల గీతలు. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చేతిలోనే పడిపోతాయి. ఇంకా నల్లగా, ఒళ్ళంతా ముళ్ళతో, మొసలి పిల్లలా పాకే పురుగులు కూడా చాలా ఉన్నాయి. చూడటానికి అన్నిటికన్నా అసహ్యంగా ఉన్నవి అవే. సాలెపురుగుల గుడ్ల సంచులైతే ఆకు మడత తీస్తే చాలు. మధ్యాహ్నానికి అందరం రెబ్కా దారి పట్టాం. డబ్బా లెక్క అన్నాక ఎవరు మాత్రం తేలికైన పని వదులుకుంటారు?

కోటిరత్నమ్మగారు డబ్బాల్లోకి తొంగిచూసి, "అబ్బో, ఇన్ని ఉన్నాయా నా చేలో!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. అన్నిటినీ గుంటలో పోసి కిరసనాయిలు చల్లించారు. వారం రోజులు అలాగే ఏరాం. చేను అద్దంలా ఉంది. ఆకు మీద పాకేది, ఎగిరేది ఏదీ లేదు.

ఆ తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. ముసురు వదిలాక చేలోకి వెళ్ళి చూస్తే ఆకులన్నీ కిందికి ముడుచుకుని ఉన్నాయి. ఒక ఆకు తిప్పి చూశాను. అడుగుభాగమంతా పేనుబంక. ఆకుపచ్చటి చిన్నచిన్న పేలలాగా, సందు లేకుండా పట్టి ఉంది. ఆకు పైన బంక కారి చేతికి అంటుకుంటోంది. చీమలు బారులు కట్టి ఎక్కుతున్నాయి. ఇంకో రెండు రోజులకి ఆ బంక మీద మసి పట్టి ఆకులు నల్లబడ్డాయి.

అంకమ్మరావు గట్టు మీద నిలబడి చూశాడు.

"వదినా! పురుగులు ఏరించావు, బాగానే ఉంది. ఇప్పుడు పేలు పట్టాయిగా. వీళ్ళకి తలో దువ్వెన కొనిపెట్టు."

అతను వెళ్ళాక కోటిరత్నమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుని, "ప్రేమమ్మా, ఏరినకొద్దీ ఎందుకు పుట్టుకొచ్చాయే? నేనేం తప్పు చేశాను?" అన్నారు. నాకు తెలిస్తే గదా చెప్పడానికి.

ఆ ఆదివారం పొద్దున ప్రార్థనకి గుడికి వెళ్ళబోయే ముందు మా చిక్కుడు పాదు మీద కాయలు కోస్తున్నాను. మా పాలెంలో ప్రతి ఇంటికీ ఒక చిక్కుడు పాదు ఉంటుంది. చలికాలం వచ్చిందంటే దానికి పేనుబంక పట్టడం, మేం పొయ్యిలో బూడిద చల్లడం మామూలే. కొసన లేత కాడ మీద నల్లగా పేనుబంక పట్టి ఉంది. దాని పక్కనే, మేం చేలో డబ్బాలకెత్తిన ఆ ముళ్ళ పురుగు. ఇది ఇక్కడికీ వచ్చిందా అని చెప్పు తియ్యబోయాను.

అప్పుడు చూశాను. దాని నోట్లో ఏదో కాళ్ళు కొట్టుకుంటోంది. పేనుబంక పురుగు. దాన్ని పీల్చి తొక్క వదిలేసి, ఇంకోదాన్ని పట్టింది. తర్వాత ఇంకోటి. పొలంలో కలుపు తీసే మనిషిలా వరసగా కాడ శుభ్రం చేసుకుంటూ పోతోంది. చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. గుడి గంట కొట్టినా కదల్లేదు.

"అత్తా, ప్రార్థన అయిపోతది!" అని రెబ్కా వచ్చి, నేను చూస్తున్నది తనూ చూసి నోరు తెరిచింది.

ప్రార్థన అయ్యాక జక్రయ్య మాస్టారిని ఆపాను. మా పాలెం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పేది ఆయనే.

"నల్లగా ముళ్ళుగా ఉందా? వీపు మీద పసుపు మచ్చలున్నాయా? అది అక్షింతల పురుగు పిల్ల, ప్రేమమ్మా" అన్నారు.

"పిల్లా? తల్లికీ దానికీ పోలికే లేదు మాస్టారూ!"

"గొంగళిపురుగుకీ సీతాకోకచిలక్కీ మాత్రం పోలికుందా? పుస్తకంలో బొమ్మ చూశాను గానీ, అది తింటుంటే నేనూ ఎప్పుడూ చూళ్ళేదు. చూపించు, పద."

తెల్లటి ఆదివారం బట్టలతోనే పాదు కింద గొంతుక్కూచున్నారు. చాలాసేపు చూశారు. లేచి మోకాళ్ళు దులుపుకుంటూ అన్నారు: "ఆకుని పేనుబంక తింటుంది. పేనుబంకని ఇది తింటుంది. తల్లి కూడా అదే తింటుంది. దీన్ని పిట్ట తింటుంది. ఒకదాన్ని బట్టి ఒకటి ఉంటుంది. మీరు మధ్యలో ఉన్నదాన్ని ఏరేశారు. ఇక కిందదానికి అడ్డేముంది?"

"మరి అన్నీ ఏరేశాంగా. పేనుబంక ఒక్కటే ఎట్టా తిరిగొచ్చింది?"

"అది వారం తిరక్కుండా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు ఇంకో వారానికి పెడతాయి. ఇవి అంత తొందరగా పెరగవు. తినేవాడు ఎప్పుడూ వెనకే వస్తాడు." మళ్ళీ పాదు వైపు చూస్తూ, "పోయినేడు మందు చేసిన పని కూడా ఇదే అయ్యుంటుంది. ఊరంతా మందుతో చేసిన పని మీరు వేళ్ళతో చేశారు" అన్నారు.

రెబ్కా నెత్తి కొట్టుకుంది. "అంటే దొంగల్ని వదిలేసి, డబ్బాలకి డబ్బాలు పోలీసుల్ని పట్టిచ్చామన్నమాట!"

ఆ మధ్యాహ్నమే కోటిరత్నమ్మగారింటికి వెళ్ళి చెప్పాం. ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. లోపల మంచం మీద నుంచి బాపయ్యగారి గొంతు వినపడింది.

"మా నాయన రోజుల్లో పత్తి చేలో ఈ పురుగులు బోలెడుండేయి. మేం చేతి మీద పాకించుకుని ఆడుకునేవాళ్ళం. ఈ మధ్య కనపడలేదు. ఎందుకు కనపడటంలేదో ఆలోచించలేదు చూడు."

"అయిందేదో అయింది. ఇప్పుడు ఎక్కణ్ణించి తేవడం?" అన్నారు కోటిరత్నమ్మగారు.

"మా పాదుల మీద ఉన్నాయమ్మా" అన్నాను. "మా పాలెంలో మందు కొట్టేంత పొలం ఎవరికుంది? అందుకే బతికున్నాయి."

"ఇస్తారా?"

"డబ్బా లెక్కేనా?" అంది రెబ్కా.

ఆవిడ మొదటిసారి నవ్వారు. "వద్దు తల్లీ. డబ్బా లెక్క పెట్టబట్టే ఇంతదాకా వచ్చింది. దినకూలి తీసుకో."

మర్నాడు మంచు వదలకముందే మొదలుపెట్టాం. మంచులో అక్షింతల పురుగుకి రెక్క ఆరదు, ఎగరలేదు. ఒకళ్ళు కొంగు పరిచి పట్టుకుంటే ఒకళ్ళు తీగని మెల్లగా తట్టడం. ముళ్ళ పిల్లలున్న లేత కొసల్ని పేనుబంకతో సహా తుంచడం. ప్రతి ఇంటికీ తిరిగాం. మౌలాబీ అని మా పాలెం అంచున ఉండే ముసలమ్మ మాత్రం పాదుకి అడ్డం నిలబడింది.

"నా పాదు మీద పేనుబంక తినేవి ఇవేనని నువ్వే చెప్తివి. తీసుకెళ్తే నా చిక్కుళ్ళ గతేంటి?"

ఆవిడ మాటలో న్యాయం ఉంది. అప్పటినుంచి ఏ పాదునీ ఊడ్చెయ్యకుండా సగం తీసి సగం వదిలిపెట్టాం.

పదిమందిమి కొంగులు ఒడికట్టుకుని డొంకలో నడిచి వెళ్తుంటే అంకమ్మరావు మోటారు సైకిలు ఆపాడు.

"ఏంటే ఒడి నిండా?"

"పురుగులండీ" అన్నాను.

"పురుగులా? ఎక్కడికి మోసుకెళ్తున్నారు?"

"మీ వదినగారి చేలో వదలడానికి."

బండి స్టార్టు చేశాడు. నాలుగు గజాలు వెళ్ళి వెనక్కి తిరిగి, "ఊళ్ళో ఉన్న దోమల్ని కూడా తీసుకుపోండి, పుణ్యముంటుంది!" అని అరిచాడు. ఆ సాయంత్రానికి ఊరంతా నవ్వింది.

నవ్వనీ అనుకున్నాం. ప్రతి పదో మొక్కకి ఒక కొస కట్టాం. మొదటి నాలుగు రోజులూ ఏమీ తేడా లేదు. కోటిరత్నమ్మగారు పొద్దునా సాయంత్రం ఆకులు తిప్పి చూసుకుంటూ తిరిగేవారు. వారానికి ఆకుల అడుగున పసుపుపచ్చటి గుడ్లు నిలువుగా గుత్తులు గుత్తులుగా కనపడ్డాయి. ఇంకో వారానికి ముళ్ళ పిల్లలు. పేనుబంక అక్కడక్కడా పలచబడటం, కొత్త ఆకు ముడుచుకోకుండా విచ్చుకోవడం మొదలైంది.

అప్పుడు ఆవిడకి తొందర పుట్టింది. ఒకరోజు బక్కెట్టు నిండా కుంకుడుకాయ పులుసు కలిపి పట్టుకొచ్చారు. "మిగిలిందాన్ని కడిగేద్దాం. చేను మళ్ళీ అద్దంలా ఉండాలి."

"వద్దమ్మా. అంతా కడిగితే మన అక్షింతలు ఏం తిని బతుకుతాయి? మా వీధిలో ఏ పాదు మీద పేనుబంక పూర్తిగా పోయిందో ఆ పాదు వదిలి అవి వెళ్ళిపోయాయి. చూస్తూనే ఉన్నా. కొంచెం ఉండనివ్వాలి."

"శత్రువుని చేలో ఉంచుకోమంటావా?"

"ఉంచుకోకపోతే కాపలావాడు ఉద్యోగం మానేస్తాడమ్మా" అంది రెబ్కా.

ఆవిడ బక్కెట్టు వైపు, చేను వైపు చూసి, ఆ పులుసుతో తల రుద్దుకుంటానని ఇంటికి పట్టుకుపోయారు.

పచ్చపురుగుని మాత్రం ఏరుతూనే ఉన్నాం, ఈసారి దాన్నొక్కదాన్నే. సాలెపురుగు కనపడితే పక్కకి జరిగి నడిచాం. చేను మధ్యలో అక్కడక్కడా ఎండు కంది కంపలు పాతాం. గేదెల వీపుల మీద తిరిగే పసులపోలిగాడు, ఆ చీలిక తోక నల్లపిట్ట, వచ్చి వాటి మీద కూర్చుంది. కూర్చుని ఊరుకుంటుందా? పొద్దున్న మా కంటే ముందే పనిలో దిగేది.

అంతా సర్దుకుంటోందనుకునేసరికి మా తమ్ముడు మరియదాసు ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాడు అంకమ్మరావు దగ్గర మందు కొట్టే పనికి పోతాడు.

"అక్కా, రేపు పొద్దున తూర్పు చేలో మందు. కొత్త రకం. పచ్చపురుగు ఎక్కువైందట. గాలి తూర్పు నుంచే వీస్తోంది."

గాలి తూర్పు నుంచి వీస్తే మందు తుంపర గట్టు దాటి కోటిరత్నమ్మగారి చేలో పడుతుంది. అక్షింతలు, పిల్లలు, గుడ్లు అన్నీ ఒక్క పూటలో పోతాయి. నెలగంటకి ఇరవై రోజులు కూడా లేదు. మళ్ళీ తెచ్చి పెంచడానికి టైము లేదు.

ఆవిడ మరిది దగ్గరికి వెళ్ళారు. గాలి తిరిగేదాకా ఆగమని అడిగారు.

"పురుగు ఆగుతుందా వదినా నా చేలో? గాలికి నేనేం చెప్పను?" అన్నాడట. కోపంగా కాదు, నిజంగానే దిగులుగా. అతనికీ పోయినేడు పంట లేదు.

తెల్లారేసరికి మా ముఠా అంతా గట్టు మీద ఉంది. మిరపకాయలు ఆరబోసే పట్టాలు, పాత చీరలు, దుప్పట్లు, ఏది దొరికితే అది తెచ్చాం. గట్టు పొడుగునా కంది కట్టెలు పాతి వాటికి కట్టాం. కట్టెలు చాలనిచోట మనుషులమే రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాం. ముక్కులకి తడిగుడ్డలు కట్టుకున్నాం.

అంకమ్మరావు వచ్చి చూసి, "ఇదేంటి, పెళ్ళి పందిరా?" అన్నాడు.

"మీ పని మీరు చేసుకోండయ్యా. మా చేనుకి మేం పరదా కట్టుకున్నాం" అన్నాను.

మరియదాసు భుజాన స్ప్రేయర్ ఎత్తుకున్నాడు. మిషను మోత మొదలైంది. చేను ఆ కొసన మొదలుపెట్టి మా వైపు వస్తున్నాడు. తెల్లటి తుంపర గాలిలో లేచి తేలుతూ వస్తోంది. చీరలు గాలికి ఉబ్బి మా ముఖాలకు తగులుతున్నాయి. మధ్యలో పట్టా కట్టు ఒకటి తెగి కిందపడింది. దాన్ని అందుకోబోయేలోపు ఎవరో అందుకున్నారు.

బాపయ్యగారు. పోయినేడు పడిపోయిన తర్వాత ఆయన చేలోకి రావడం అదే. వణికే చేతులతో పట్టా అంచు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ముక్కుకి ఏ గుడ్డా లేదు.

"అయ్యో, మీరెందుకొచ్చారు, లోపలికి పదండి!" అని కోటిరత్నమ్మగారు పరుగెత్తుకొచ్చారు. ఆయన కదల్లేదు.

అంకమ్మరావు కూడా చూశాడు. "అన్నయ్యా! నీకేమన్నా పిచ్చా? ఇంటికి పో!"

"ఇల్లు ఇక్కడికి ఎంత దూరమురా? అక్కడికి రాదా ఈ గాలి?" అన్నారు బాపయ్యగారు. "నువ్వు కొట్టుకో. నేను అడ్డం చెప్పడంలేదు. ఉంటే చేను పక్కనే ఉంటాను. లేకపోతే నల్లపాడు పోతాను. అంతేగా."

వాసన అప్పటికే తగిలింది. ఆయన పట్టా వదలకుండానే పక్కకి వంగి కక్కుకున్నారు. వంగిన మనిషి మళ్ళీ నిటారుగా నిలబడ్డారు.

"ఒరేయ్ మరియదాసూ, ఆపరా మిషను! ఆపు!" అని అంకమ్మరావు అరిచిన అరుపు మిషను మోత మీద కూడా వినపడింది. సాళ్ళకి అడ్డంగా పడుతూ లేస్తూ వచ్చి అన్న భుజం పట్టుకున్నాడు. అతనూ నేనూ చెరోపక్కా పట్టుకుని ఆయన్ని ఇంటికి చేర్చాం. ముఖం కడిగి, బట్టలు మార్చి పడుకోబెట్టాక, అంకమ్మరావు చాలాసేపు గడప మీద కూర్చున్నాడు. లేచేటప్పుడు, "గట్టు వైపు ఎకరానికి మందు కొట్టను. ఈ గాలి ఉన్నన్నాళ్ళు కొట్టను. ఆ ఎకరం పురుగు తింటే మీదే పాపం" అని వదినగారికి చెప్పి వెళ్ళాడు.

ఆ ఎకరాన్ని పురుగు కొంత తిన్నది. అబద్ధమెందుకు? పచ్చపురుగు కాయలు తొలిచింది. కానీ రెండో వారానికి మా అక్షింతలు గట్టు దాటాయి. గట్టుని ఆనుకున్న సాళ్ళలో మొదట కనపడ్డాయి, తర్వాత లోపలికి పోయాయి. సాలెపురుగులు గూళ్ళు అల్లాయి. మరియదాసు ఒకరోజు అటు నుంచి కేకేశాడు, "అక్కా, మీ పోలీసులు మా పేటలో కూడా తిరుగుతున్నారే!"

నెలగంట పెట్టిన రోజు పొద్దున్నే కోటిరత్నమ్మగారు పసుపు రాసుకుని, కొత్త జాకెట్టు తొడుక్కుని చేలోకి వచ్చారు. పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. అంకమ్మరావు వచ్చాడు. మేం కొంగులు ఒడికట్టుకుని సాళ్ళ మొదట్లో సిద్ధంగా ఉన్నాం.

చేను చూడటానికి గొప్పగా లేదు. మొక్కలు నడుము ఎత్తే ఉన్నాయి. కింది ఆకులమీద మసి మరకలు ఇంకా పోలేదు. కానీ కాయలు పగిలి, తెల్లగా వేలాడుతున్నాయి. అంకమ్మరావు ఒక్కో మొక్క దగ్గర ఆగి కాయలు కోసి, పగలగొట్టి, పుచ్చింది ఒకవైపు, మంచిది ఒకవైపు వేస్తూ నడిచాడు.

"మూడింటికి ఒకటి పుచ్చే" అన్నాడు.

"మిగతా రెండూ?" అన్నారు కోటిరత్నమ్మగారు.

అంకమ్మరావు గట్టు దాటి తన చేలోకి వెళ్ళాడు. మందు కొట్టిన లోపలి చేలో కాయలు కోశాడు. గట్టు పక్క ఎకరంలో కోశాడు. రెండు గుప్పిళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. లోపలి చేలో పురుగు తక్కువేమీ లేదు. పెద్దమనుషుల్లో ఒకాయన ఏదో అడిగితే, "చూశాగా, తీయదగ్గ పత్తి ఉంది. మా వదిన చేను మా వదినే చేసుకుంటుంది. దానికి మళ్ళీ మాటలెందుకు?" అని విసుక్కున్నాడు.

కోటిరత్నమ్మగారు ఒక్కసారిగా మొక్కల మధ్య కూర్చుండిపోయారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. ఇంటి వైపు చూసి, "ఏమండీ, ఉంటున్నాం!" అని కేకేశారు. పెరటి గోడ మీద నుంచి బాపయ్యగారు చెయ్యి ఎత్తారు.

పెద్దమనుషులు వెళ్ళాక అంకమ్మరావు నా దగ్గరికి వచ్చాడు.

"ప్రేమమ్మా, ఆ పురుగుల్ని నా ఐదెకరాల్లోకీ తేగలవా, వచ్చే ఏడు?"

"తేగలమండీ. కానీ తెచ్చి మందులో పొయ్యం. ముందు మీరు మందు ఆపాలి."

"ఐదెకరాలూ ఆపేసి, పోయినేడు లాగా పురుగొస్తే ఏం చెయ్యను? నాకు పిల్లలున్నారు."

అతని భయం నాకు అర్థమైంది. "ఐదూ వద్దు. గట్టు పక్క రెండెకరాలు ఆపి చూడండి. మధ్యలో జొన్న నాలుగు సాళ్ళు వెయ్యండి. పిట్ట వాలుతుంది, తుంపర ఆగుతుంది."

"ఎకరం."

"రెండు."

"ఎకరన్నర. జొన్న విత్తనం మా వదిన ఇవ్వాలి."

"నేనెందుకిస్తా? గట్టు ఇద్దరిదీ. చెరిసగం" అన్నారు కోటిరత్నమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ.

"బేరాలు తర్వాతండీ. ఎండెక్కితే పత్తికి ఆకు ముక్కలు అంటుకుంటాయి. పని చేసేవాళ్ళని చెయ్యనివ్వండి. ఖాళీగా ఉన్నవాళ్ళు ఒక సాలు పట్టండి" అంది రెబ్కా, ఎవర్నీ చూడకుండా.

అంకమ్మరావు దానివైపు గుర్రుగా చూశాడు. తర్వాత తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, నడుముకి ఒడిలా కట్టుకుని, మా పక్క సాల్లోకి దిగాడు.